పెళ్ళి కూతకు ఊపిరి

తొంభైల్లో మాట. మా ఆయన పోయాక కోనసీమ నుంచి దోహా వెళ్ళి, అల్ హిలాల్‌లో ఒక విల్లాలో పనికి కుదిరాను. సంతకం తప్ప రాయడం రానిదాన్ని, ఇదంతా నోటితోనే చెబుతున్నాను. నా పని వంట కాదు, తుడవడం కాదు, యజమాని తల్లిని చూసుకోవడం. పనివాళ్ళం అందరం ఆవిడని మామా అనేవాళ్ళం, అంటే అక్కడి మాటలో అమ్మ.

మామాకు ఊపిరితిత్తుల జబ్బు. చిన్నప్పుడు మట్టల పొయ్యి పొగ, పెద్దయ్యాక హుక్కా పొగ, రెండూ కలిసి లోపల మసి చేసి పెట్టాయి. స్నానాల గది దాకా వెళ్ళి వచ్చేసరికి గుమ్మం పట్టుకుని నిలబడిపోయేది. నోరు మాత్రం తగ్గేది కాదు. టీలో పంచదార తక్కువైతే, ఆ ఆయాసంలోనే నన్నూ, వంటమనిషినీ, టీ ఆకు పండిన దేశాన్నీ కలిపి తిట్టేది.

ఆవిడకి ఒకటే బెంగ. మనవరాలి పెళ్ళి దగ్గరపడుతోంది. అక్కడ పెళ్ళికూతురు ఆడవాళ్ళ మధ్యకు రాగానే ఇంటి పెద్దావిడ నాలుక ఆడిస్తూ గొంతెత్తి కూత పెట్టాలి. ఆవిడ మొదలుపెడితే మిగతావాళ్ళు అందుకుంటారు. కూతురి పెళ్ళిలో మామా పెట్టిన కూత వీధి చివరిదాకా వినబడిందట. ఇప్పుడేమో రెండుసార్లు నాలుక ఆడించేసరికి దగ్గు తెర.

"నేను పెట్టలేకపోతే పెళ్ళికొడుకు నాయనమ్మ పెడుతుంది" అని కళ్ళనీళ్ళు పెట్టుకునేది. "మా ఇంటి పిల్లకి ఆవిడ కూతేమిటి?"

నా అరబ్బీ అంతంతమాత్రమే అయినా ఆ బాధ అర్థం కావడానికి అది చాలు.

ఒకరోజు మామా కొడుకు ఆసుపత్రి నుంచి పిడికిలంత ప్లాస్టిక్ గొట్టం తెచ్చాడు. లోపల స్ప్రింగు, ఒక కొసన నోట్లో పెట్టుకునే మూతి. "పొద్దున, సాయంత్రం చేయించు" అని నా చేతిలో పెట్టి డ్యూటీకి వెళ్ళిపోయాడు. నాకు అనుమానమే రాలేదు. బుద్ధెరిగినప్పటి నుంచి ఊదుగొట్టంతో పొయ్యి ఊదినదాన్ని. గొట్టం నోట్లో పెట్టుకుని ఇంకేం చేస్తారు?

"ఊదు మామా, యల్లా, కానియ్!"

మామా ఊదింది. గాలి ఇట్టే బయటికి పోయింది. ఇద్దరికీ సంబరం. ఇంటి డ్రైవరు, కడప అబ్బాయి, తలుపు దగ్గర నిలబడి చూసి, "ఏందక్కా, ఇంత సులువుగా ఊదుతాంది ముసలామె! నెల తిరిగేలోపల ఒంటెతో పందెమేస్తాది సూడు" అన్నాడు.

నెల తిరిగాక ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడ ఒక మిషను ఉండేది. మూతి బిగించి బలమంతా పెట్టి లోపలికి పీలిస్తే ముల్లు లేస్తుంది. మామా పీల్చింది. పోయిన నెల ఎక్కడ ఆగిందో ముల్లు అక్కడే ఆగింది. మామా మొహం పాలిపోయింది.

నర్సు కేరళ అమ్మాయి, నాతో హిందీలో మాట్లాడేది. "ఇంట్లో ఎలా చేయిస్తున్నావ్ అమ్మా? చూపించు" అంది.

మామాను ముందుకు వంగమని, బుగ్గలు పొంగించి ఊదించాను. నర్సు నవ్వాపుకోలేక గోడ పట్టుకుంది.

"మా అమ్మ కూడా పొయ్యి ఇలాగే ఊదుతుంది! ఇది ఊదేది కాదమ్మా, లాగేది. ఊదితే గాలికి అడ్డేమీ ఉండదు. లాగితే స్ప్రింగు అడ్డుపడుతుంది, దాన్ని గెలిచి లాగాలి. జబ్బు పూర్తిగా పోదు. కానీ ఊపిరి లాగే కండలు గట్టిపడితే ఆయాసం తగ్గుతుంది."

నాకు వచ్చినట్టు అరబ్బీలో చెప్పాను. మామా కళ్ళు పెద్దవయ్యాయి.

"లాగడమా? హుక్కా లాగినట్టా?"

నర్సు నెత్తి కొట్టుకుంది. "అలాగే. హుక్కా మాత్రం వద్దు!"

"ఆ ముక్క ముందే చెప్పొద్దా? లాగడంలో నాకు నేర్పేదెవరు!"

నేర్పక్కర్లేదుగానీ, స్ప్రింగు మాత్రం లొంగలేదు. మొదటిరోజు కదలనైనా కదల్లేదు. మామా దాన్ని మంచం కిందికి విసిరింది, నేను వంగి తీసి కడిగి మళ్ళీ ఇచ్చాను. మూడోనాడు బుస్సుమని గాలి లోపలికి వచ్చింది. అది తేలికయ్యాక ఆసుపత్రికి తీసుకెళ్తే నర్సు గొట్టానికున్న మరను కాస్త బిగించేది, మామా నర్సుని తిట్టేది. కొన్ని రోజులు మొండికేసి అటు తిరిగి పడుకునేది. "పెళ్ళికొడుకు నాయనమ్మ రోజూ గొంతు సవరించుకుంటోందట" అంటే చాలు, లేచి కూర్చునేది. మెల్లమెల్లగా గుమ్మం దగ్గర ఆగడం తగ్గింది.

పెళ్ళిరోజు ఆడవాళ్ళ గుడారంలో మామా ముందువరసలో కూర్చుంది. పక్కనే ఆ నాయనమ్మ. పీల్చే మందు గుప్పిట్లో పట్టుకుని నేను వెనక నిలబడ్డాను. పెళ్ళికూతురు లోపలికి వచ్చింది. ఆ నాయనమ్మ నోరు తెరవబోతోంది. మామా ఊపిరి లాగింది. వెనకనుంచి నాకు కనబడుతూనే ఉంది, పక్కటెముకలు ఇటూ అటూ విచ్చుకున్నాయి. కూత పెట్టింది.

వీధి చివరిదాకా పోయే కూత కాదు. గుడారం మధ్యలోకి వెళ్ళేసరికే సన్నబడింది. కానీ అది ఆగకముందే ఆడవాళ్ళందరూ అందుకున్నారు. మామాకు దగ్గు వచ్చింది. మందు పీల్చి, నా చెయ్యి పట్టుకుని, నీళ్ళు కారుతున్న కళ్ళతో నవ్వుతూ నా చెవిలో అంది:

"ఇప్పుడు పెట్టుకోమను ఆవిణ్ణి."