కారని కారు

అత్త పోయిందని నాయన ఫోన్ చేసినప్పుడు నేను తిరుపతిలో హాస్టల్ మిద్దె మీద బట్టలు ఆరేస్తున్నాను. "మీ అత్త పోయిందమ్మా. ఘాట్ రోడ్డు దిగతా ఉంటే..." అన్నాడు. పలమనేరు బస్సులో ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. ఇల్లు చేరాక వాకిట్లో ఆమె కారు కనిపించింది. కోపం వచ్చింది. ఇది రాస్తున్నప్పుడు కూడా అదే కోపం.

ఆ కారు మా మేనత్త బట్టలు కుట్టి కొన్నది. నాయనకు నడపడం వచ్చినా నడిపేదీ ఆమే. ఇంట్లో పెళ్ళిచూపులకు, అమ్మ ఆపరేషన్‌కు, నా పరీక్షలకు అందులోనే పోయాం. చలికాలం మాత్రం పొద్దున స్టార్ట్ చేస్తే ఇంజిన్ వేడెక్కేదాకా కింద నూనె బొట్లు పడేవి. "కారేదాన్ని కారనక ఏమంటారు అమ్మణ్ణీ?" అంది అత్త ఒకసారి. ఒక్క మాటలో రెండు మాటలు దాక్కుని ఉంటాయని నాకు తెలిసింది అప్పుడే. నేను ఈరోజు తెలుగు చదువుతున్నానంటే దానికి మొదలు ఆ వాకిలి.

కారడం ఆపాలని ఆమె పడని పాట్లు లేవు. ఎవరో చెప్పారని ఒక చలికాలం చిక్కటి ఆయిల్ పోయించింది. మరింత కారింది. అత్త తనను తానే వెక్కిరించుకుంది. "చలికి నెయ్యి మాదిరి బిగిసింది. పోను దోవ లేక సీలునే తోసుకోని వచ్చా ఉండాది. నా తెలివి సూడు." ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు సీలు చలికి పాత చెప్పులా బిరుసెక్కుతుందని, అది మార్చాలే తప్ప ఆయిల్ మారిస్తే లాభం లేదని తర్వాత తెలుసుకుంది. రోజూ రాత్రి కారు కింద చీరల అట్టపెట్టె మూత పరిచేది. పొద్దున ఇంజిన్ కాసేపు ఆడించి, మూత లాగి చూసి, ఆ తర్వాతే కాఫీ తాగేది.

ఈ చలికాలం మొదట్లో చిత్తూరుకు తీసుకుపోయి సీలు మార్పించింది. మెకానిక్, "ఇంట్లో మగోళ్ళెవరూ రాలేదామ్మా?" అన్నాడట.

"వాళ్ళకి ముక్కులు కారతా ఉండాయప్పా. ముందు నువ్వు దీన్ని సూడు," అందట అత్త.

ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసింది. "కారు కారడం మానింది అమ్మణ్ణీ. ఇంగ దానికి వేరే పేరు ఎతుకు. సదువుకుంటా ఉండావు కదా."

ఇంట్లో కూడా చెప్పింది. ఎవరూ చెవిన పెట్టలేదు. ఆమె చెప్పిన హాస్యం ఎప్పుడో ఇంట్లో అందరిదీ అయిపోయింది. చుట్టాలొస్తే చెప్పడానికి, ఆమె ఊరికి బయల్దేరితే ఆటపట్టించడానికి వాళ్ళకది కావాలి. ఆ కారులో తిరిగిన వాళ్ళే దాన్ని చూసి నవ్వారు. ఒక్కరూ వంగి కిందికి చూడలేదు.

పోయిన రోజు పొద్దున అత్త గుండె పట్టుకుని అరుగు మీద కూలబడింది. జరిగింది అమ్మ చెప్పింది. "కారు తీయి రా అబ్బోడా," అంది అత్త.

"కారేదాన్ని నమ్ముకోని ఘాట్ దిగల్నా అక్కా? బాడుగ కారు వచ్చా ఉండాది, ఓర్చుకో," అన్నాడు నాయన.

"ఇప్పుడు కారడం లేదు రా. తీయి."

తీయలేదు. బాడుగ కారు వచ్చేసరికి ఆమె మాట్లాడటం మానేసింది. చిత్తూరు ఆసుపత్రికి చేరలేదు.

మా నాయన చెడ్డవాడు కాడు. అక్కంటే ప్రాణం. నాకు కోపం ఎక్కువయ్యేది అందుకే. చెడ్డవాడైతే తిట్టి ఊరుకునేదాన్ని. ఆయన అక్క మాటను కాదని, అక్క హాస్యాన్ని నమ్మాడు.

కర్మాంతరం అయ్యాక చుట్టాలు వెళ్ళిపోతూ, "ఆ కారు సరిగ్గా ఉండుంటే బతికేది పాపం," అన్నారు. మరుసటి రోజు పొద్దున నాయన కిరసనాయిలు, చీపురు తెచ్చి వాకిట్లో పాత మరకలు రుద్దబోయాడు. నేను తాళాలు ఆయన చేతిలో పెట్టాను.

"స్టార్ట్ చెయ్ నాయనా."

"ఎందుకు మా ఇప్పుడు?"

"చెయ్."

చలికి కారు రెండుసార్లు దగ్గి అందుకుంది. వేడెక్కేదాకా ఆడనిచ్చాం. తర్వాత నేను వంగి కింద నుంచి మూత లాగాను. సీలు మార్చాక అత్త పరిచిన కొత్త మూత అది. తెల్లగా ఉంది. ఆయనకిచ్చాను.

నాయన దాన్ని ఇటు తిప్పి చూశాడు, అటు తిప్పి చూశాడు. వేలితో తడిమి, వేలు చూసుకున్నాడు. ఇంజిన్ ఆడుతూనే ఉంది.