కృష్ణలో కట్టేసిన కుర్చీ

ఆ రోజు గురజాలలో సంత. గిరాకీ అంతా అయిపోయాక కుట్టుమిషను ముందు నుంచి లేచి ఇంటికి బయల్దేరాను. నాలుగడుగులు వేశానో లేదో వెనకాల కూరలు అమ్ముకునే ఆమె కేకేసింది. "అబ్బాయా, చెప్పు ఈడ్నే వొదిలేసి పోతన్నావేంది?"

చూస్తే కుడికాలికి చెప్పు లేదు. ఎప్పుడు ఊడిందో తెలియలేదు. తొడుక్కుని నడిచాను, మళ్ళీ ఊడింది, మళ్ళీ తెలియలేదు. కాలు తిమ్మిరెక్కిందిలే అనుకున్నాను. అప్పటికే చాలా నెలలుగా నడుంనొప్పి ఉంది, సాయంత్రమయితే ఒళ్ళు వెచ్చబడేది. వంగి కుట్టేవాడికి నడుంనొప్పి కాక ఇంకేం వస్తుందని నేనూ, మా ఇంటివాళ్ళూ పట్టించుకోలేదు. ఆముదం కాచి రుద్దించుకున్నాను. తావీదు కట్టించుకున్నాను. కాళ్ళు రెండూ బరువెక్కి, ఒక ఉదయం మంచం మీంచి లేవబోయి కిందపడేదాకా ఆసుపత్రి మాటే ఎవరూ ఎత్తలేదు.

నా పేరు మస్తాను. మావాళ్ళు దూది ఏకేవాళ్ళు. ఆ దుమ్ము పడక నేను దర్జీపని నేర్చుకున్నాను. నాలాగా నడుము కింద ఒళ్ళు తెలియని వాళ్ళు ఎక్కడో ఉంటారు గదా, వాళ్ళకీ వాళ్ళని చూసుకునేవాళ్ళకీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

నా భార్య కాశింబీ, వాళ్ళన్న సైదులు బావ కలిసి నన్ను గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టరుగారు నన్ను బోర్లా పడుకోబెట్టి వెన్నుపూస ఒక్కొక్కటే నొక్కుకుంటూ వచ్చారు. ఒకచోట కెవ్వుమన్నాను. తర్వాత సూది తీసుకుని పాదం నుంచి పైకి గుచ్చుతూ "తెలుస్తోందా?" అని అడిగారు. నేను సూది ఎప్పుడు పెడతారా అని ఎదురుచూస్తున్నాను. ఆయన అప్పటికే తొడ దాకా వచ్చేశారట. బొడ్డు దగ్గర గుచ్చితే తెలిసింది.

ఎక్స్-రే ప్లేటు వెలుగుకి పట్టి, "కేరీస్ స్పైన్. ఎముకకి టి.బి. పట్టింది" అన్నారు.

"టి.బి. ఊపిరికి గదండీ వొచ్చేది?" అని బావ అడిగాడు.

"ఎముకకీ వస్తుంది. పూస అరిగి నరాన్ని నొక్కింది. నడుము కింద చచ్చుబడింది, పారాప్లీజియా అంటాం. ప్లాస్టర్ బెడ్‌లో పెడతాం. కదలకూడదు."

కదలకూడదు అంటే ఏమిటో నాకప్పుడు అర్థం కాలేదు. నా వీపు కొలతకి ప్లాస్టరుతో తొట్టిలాగా ఒకటి పోశారు. అది ఆరాక నన్ను అందులో పడుకోబెట్టి పట్టీలతో బిగించారు. అందరి కొలతలూ తీసిన నాకు ఆసుపత్రివాళ్ళు కొలత తీసి కుట్టిన చొక్కా అది, గుండీలు మాత్రం నా చేతిలో లేవు. దురద పుడితే గోకేది కాశింబీ. ఈగ వాలితే తోలేది కాశింబీ. ఆవిడ నీళ్ళకి వెళ్ళినప్పుడు ఈగ నా ముక్కు మీద తాపీగా నడిచేది. అట్లా వేసవి పోయింది, వానలు పోయాయి, చలి వచ్చింది. వార్డు పైకప్పు దూలాలు చూసీ చూసీ, అవి నా మీద పడితే బాగుండునని కూడా అనుకున్నాను.

మధ్యలో మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు బెడ్‌సోర్, అదే ఒత్తిడి పుండు, వచ్చింది. నొప్పి లేదు గనక నాకు తెలియలేదు, వాసన వస్తే కాశింబీ కనిపెట్టింది. యుద్ధం రోజులు, గాజుగుడ్డకి కూడా కరువు. డాక్టరుగారు ఆవిడని పక్కకి పిలిచి, "ఇతని ఒంటికి తెలియదు కాబట్టి నీ కళ్ళకి తెలియాలమ్మా. ఒత్తిడి, వేడి, తడి. ఈ మూడూ చూసుకో" అన్నారు. ఆ మాట ఆవిడ మనసులో మేకు దిగినట్టు దిగిపోయింది.

పంపించేరోజు నేను అడిగాను. "నడుస్తానా సార్?"

"జబ్బు ఆగింది. కాళ్ళ సంగతి మాటివ్వలేను. కూర్చోగలవు. కూర్చోవడం తక్కువ సంగతేం కాదు."

ఇంటికొచ్చాక బావ ఒక వడ్రంగినీ, సైకిలు బాగుచేసే ఆయన్నీ కూర్చోబెట్టి నాకు చక్రాల కుర్చీ చేయించాడు. పేముకుర్చీకి రెండు వైపులా సైకిలు చక్రాలు, ముందు చిన్న చక్రం. ఊరంతా వచ్చి చూసిపోయారు. అందరూ పోయాక నేను దాన్ని గడప దాకా నెట్టుకెళ్ళాను. గడప జానెడెత్తు. అవతల మెట్లు. అక్కడే ఆగిపోయాను. అంతకుముందు నాకు మంచమే జైలు, కుర్చీ వచ్చాక గడప జైలయింది. ఎవరో ఒకరు వచ్చి ఎత్తితేగాని వీధి ముఖం చూడలేను. ఎత్తేవాళ్ళు కూడా నన్ను అడగరు. "ఎండలో పెట్టమంటావా అమ్మాయ్?" అని కాశింబీని అడుగుతారు.

జబ్బు రాకముందు తీరిక దొరికితే కృష్ణ ఒడ్డున దైద రేవుకి పోయి, పోలయ్య మామతో చేపల వేటకి వెళ్ళేవాణ్ణి. బెస్త పోలయ్యకి నేను చొక్కాలు కుట్టేవాణ్ణి, ఆయన నాకు గాలం వెయ్యడం నేర్పాడు. రెండేళ్ళు ఇంట్లో మగ్గాక నాకు ఒకటే పట్టుకుంది. ఒక్కసారి, నా ఇష్టం మీద, నేను అడిగిన చోటుకి పోవాలి. నీళ్ళ మీద కూర్చుని నా చేత్తో గాలం వెయ్యాలి. అది జరిగితే నేనింకా మనిషినేనని నాకు నమ్మకం కుదురుతుంది.

కాశింబీ వినగానే చేతిలో చేట కింద పెట్టేసింది. "చేపలు తినాలనుంటే సంతలో లేవా? నీళ్ళల్లో పడితే నీ కాళ్ళు ఆడతయ్యా?"

"తినటానిక్కాదే."

"మరి దేనికి?"

చెప్పలేక ఏడ్చాను. ఆవిడ చివరికి వాళ్ళన్నకి కబురు పెట్టింది. "తీసకపో అన్నా. కానీ జారిపోకుండా గట్టిగా కట్టు. నీదే పూచీ."

సైదులు బావ బండి తోలేవాడు. మిరపకాయ బస్తాలూ పత్తి బోరాలూ గుంటూరు దాకా చేర్చేవాడు, ఏనాడూ ఒక్క బస్తా జారలేదని పేరు. మెట్ట మనిషి, కృష్ణని బండి మీంచి చూడటమే గాని దిగి ఎరగడు. నా కుర్చీని బండి మీద పెట్టి మోకుతో బిగించాడు, నన్ను కుర్చీకి బిగించాడు. గతుకుల దారి గనక నేనేం అనలేదు.

రేవులో పోలయ్య మామ నన్ను చూసి నవ్వాడు. "అల్లుడా, ఆ కుర్చీ ఈడ్నే వొదిలెయ్. పుట్టిలో కూకో నాతోపాటు."

పుట్టి అంటే వెదురుతో గంపలాగా అల్లి తోలు కప్పింది. గుండ్రంగా గిరగిరా తిరుగుతుంది. బావకి దాన్ని చూస్తేనే కళ్ళు తిరిగాయి. "ఆ గంపలోనా? మా చెల్లెలికి నేనేం జెప్పాలి? పడవ తియ్, కుర్చీతోనే ఎక్కిద్దాం."

"పోనీ పడవలోనే. కట్టటం మాత్రం వొద్దు సైదులూ. నీళ్ళ మీద మనిషిని కట్టరు."

"నీకు నడిచేవాళ్ళ సంగతి తెలుసు. ఈయన సంగతి నాకు తెలుసు."

"బావా, నన్ను అడగవేంది?" అన్నాను. "కట్టొద్దు. పడవంచు పట్టుకుంటాను. నా చేతులు బాగానే ఉన్నయ్ గదా."

"ఊరుకో మస్తానూ, నీకు తెల్దు" అని, కుర్చీని పడవ అడ్డపలకకి బిగించి, చేతుల మీదుగా నా రొమ్ము చుట్టూ మోకు రెండు చుట్లు తిప్పి కుర్చీ వెనక ముడేశాడు. బండి కట్టేవాడి ముడి అది, కదిలేకొద్దీ బిగుస్తుంది. చేసేది ప్రేమతోనే, అది నాకు తెలుసు. అందుకే నోరు మూసుకున్నాను, లోపల మాత్రం ఉడికిపోయాను.

పడవ కదిలింది. పోలయ్య మామ నా చేతికి గాలం ఇచ్చాడు. మోచేతులు పక్కలకి బిగిసిపోయి ఉన్నాయి, మణికట్టు మాత్రమే ఆడుతోంది. విసిరితే తాడు నా మోకాళ్ళ మీదే పడింది. బావ దాన్ని తీసి తనే నీళ్ళలో వేసి, "ఇట్టా పట్టుకో" అని కొస నా వేళ్ళలో పెట్టాడు. రెండేళ్ళు కలగని వచ్చింది దీనికా అనిపించి మామకేసి చూశాను. ఆయన తల పక్కకి తిప్పుకున్నాడు.

నీళ్ళు తగ్గిన రోజులు. పొద్దెక్కి ఎండ చురుక్కుమంటుండగా పడవ అడుగు ఒక మునిగిన బండకి కొట్టుకుని పగిలి, పడవ పక్కకి ఒరిగింది. మామ "కదలమాకండి" అంటూనే ఉన్నాడు. బెదిరిపోయిన బావ లేచి నిలబడ్డాడు, నిలబడ్డవాడు నిలబడ్డట్టే నీళ్ళలోకి పోయాడు. ఈత రాదు. మామ నాకేసి చూశాడు, బావకేసి చూశాడు.

"బావని పట్టుకో మామా" అన్నాను.

ఆయన దూకాడు. పగిలిన చోటు నుంచి పడవలోకి నీళ్ళు వస్తున్నాయి. నా పాదాలు మునిగాయి, తెలియలేదు. మోకాళ్ళు మునిగాయి, తెలియలేదు. పంచె నీళ్ళ మీద తేలింది. అదంతా ఎవరి కాళ్ళకో జరుగుతున్నట్టు కూర్చుని చూశాను. బొడ్డు దగ్గరికి వచ్చాక చల్లగా తగిలింది. అప్పుడు భయం వేసింది. మణికట్లు వెనక్కి తిప్పాను, ముడి అందలేదు. ముందుకి ఊగాను, మోకు ఇంకా బిగిసింది. ప్లాస్టర్ బెడ్‌లో ఉన్నన్నాళ్ళూ చావు కోరుకున్నాను గదా, ఆ క్షణంలో మాత్రం బతకాలని ఎంత తపించిపోయానో చెప్పలేను. "మామా, విప్పు" అని అరిచాను. కట్టింది బావే అయినా బావని పిలవలేదు.

మామ బావని జుట్టు పట్టి లాక్కెళ్ళి నీళ్ళ పైకి తేలిన పెద్దబండ మీద పడేసి, నా దగ్గరికి ఈదుకొచ్చాడు. తడిసిన ముడి రాలేదు. వల కోసే కత్తితో మోకు కోశాడు. నీళ్ళు అప్పటికి నా గడ్డం కింద ఉన్నాయి. నన్ను బండ మీదికి చేర్చాక పడవ ఆ మునిగిన బండ మీంచి జారి, నీళ్ళ కిందే నా కుర్చీతో సహా కొట్టుకుపోయింది. కుర్చీ వీపు కొంతసేపు కనబడి తర్వాత కనబడలేదు. బావ కూడా చూశాడు.

మామ పుట్టి తేవడానికి ఒడ్డుకి ఈదిపోయాడు. బండ మీద మేమిద్దరమే మిగిలాం. చుట్టూ నీళ్ళు. ఈత రాని ఆయన, కాళ్ళు లేని నేను, ఇద్దరం ఒకటే.

"జారిపోతావని కట్టాను మస్తానూ" అన్నాడు బావ.

"నేను బస్తాని కాదు బావా. బస్తా ఊపిరి తీసుకోదు. నాకు నోరుంది, వొద్దని చెప్పాను. నువ్వు వినలా."

ఆయన ఏడ్చాడు. నాకు జాలి వేసింది, కోపమూ తగ్గలేదు. అంతలో చెయ్యి ఆనిస్తే బండ పెనంలా కాలిపోతోంది. డాక్టరుగారి మాట గుర్తొచ్చింది. నా కింద చర్మం మాడుతున్నా నాకు తెలియదు. "బావా, నీ చొక్కా విప్పి, బాగా తడిపి నా కింద పరువు. నన్ను చంకల కింద పట్టి ఎత్తు. మెల్లిగా. కాళ్ళు గీరుకోకుండా." నేను చెప్పింది చెప్పినట్టు చేశాడు. జబ్బు పడ్డాక ఆయన నా మాట విని ఒక పని చెయ్యడం అదే మొదలు.

పుట్టి వచ్చింది. నన్ను దాని అడుగున దించారు. నా చేతులతో నేనే కాళ్ళు మడుచుకున్నాను. పుట్టిలో ఎవరైనా అట్లాగే కూర్చోవాలి, కాళ్ళున్నవాడైనా, లేనివాడైనా. బావ భయపడి వంగీ వంగక నిలబడితే, "కూకో బావా" అని పంచె పట్టి లాగాను. మామ చిప్ప ఒకటి నా ముందుకి విసిరి, "అల్లుడా, నీళ్ళు తోడు" అన్నాడు. రెండేళ్ళ తర్వాత నాకు ఒకరు పని చెప్పారు. ఒడ్డు చేరేదాకా తోడుతూనే ఉన్నాను.

ఇంటికి వచ్చాక కాశింబీ ముందు నా ఒళ్ళంతా వెతికింది. తొడ వెనక అరచేతంత బొబ్బలు. "కట్టమన్నావుగా" అన్నాడు బావ.

"కట్టమన్నా. ఆయన్ని అడగొద్దని నేనన్నానా?" అంది. తర్వాత లోపలికి పోయి, తను కూడా ఏనాడూ నన్ను అడగలేదని చెప్పి వెక్కివెక్కి ఏడ్చింది.

కాలిన పుండు మానడానికి వానాకాలం దాకా పట్టింది. మళ్ళీ మంచమే, ఈసారి బోర్లా. కుర్చీ దిగువ రేవులో దొరికింది గాని చక్రాలు సొట్టపోయాయి. అది బాగయ్యేలోపల నేను గోనెపట్టా మీద కూర్చుని చేతులతో పాకడం అలవాటు చేసుకున్నాను. కుర్చీతో దాటలేని గడపని పిర్రల మీద దాటాను. ఊళ్ళోవాళ్ళకి అది చూడ్డానికి బాగుండదు. బాగుండకపోతే మానె.

ఇప్పుడు అరుగు మీద చేతిమిషను పెట్టుకుని కుడుతున్నాను. వాన పడితే ఇంట్లో బందీనే. మెట్ల కింద వీధి ఇప్పటికీ నాది కాదు, ఒకరు దించాలి. అది మారుతుందని నేను అబద్ధం చెప్పను. పోలయ్య మామ పుట్టిలో మాత్రం రెండుసార్లు వేటకి పోయాను. బావే బండి కట్టాడు. గతుకుల్లో పడిపోకుండా మోకు కావలసిందే. ఈసారి ఆయన రెండు చుట్లు తిప్పి, కొసలు ముందుకి తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. "ముడి నువ్వేసుకో మస్తానూ" అన్నాడు.

నాలాంటి వాళ్ళని చూసుకునేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఒకటే. నీళ్ళ మీద మమ్మల్ని దేనికీ కట్టకండి. నేల మీద కట్టక తప్పకపోతే ముందు మమ్మల్ని అడగండి, ముడి మాత్రం మా చేతికి అందేచోట వెయ్యండి.