ఏడాది తిరిగేదాకా ఆగమన్న అప్‌గ్రేడ్

మా ఆఫీసులో సొంతంగా ఒక లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ తయారు చేస్తాం. అందులోని వేల ప్యాకేజీల మూలకోడ్‌ను నడిచే ప్రోగ్రాములుగా మార్చే బిల్డ్ టూల్ నా బాధ్యత. దాని కొత్త వెర్షన్ పాత పద్ధతిలో రాసిన స్క్రిప్టులను ఒప్పుకోదు. ఎక్కిస్తే కొన్ని ప్యాకేజీలు విరుగుతాయి, అంటే అసలు తయారు కావు. ఎక్కించకపోతే తర్వాతి విడుదల పాత టూల్‌తోనే వెళ్తుంది, దాని మరమ్మతులు ఏళ్ల తరబడి మేమే మోయాలి. విడుదలకు ముందు మార్పులన్నీ ఆపేసే గడువు దగ్గరపడుతోంది. ఎప్పుడు ఎక్కించాలన్నది సాంకేతిక ప్రశ్న అని నేను అనుకునేదాన్ని.

అప్పటికి నా భర్త పోయి కొన్ని నెలలే అయింది. సెలవు ముగించుకుని పుప్పాలగూడ నుంచి మళ్లీ ఆఫీసుకు వస్తున్నాను. ఇంట్లో చేయడానికి పనేమీ మిగల్లేదు. ఈ ఒక్క పనీ నా చేతులతో పూర్తి చేయాలని ఉండేది.

మీటింగులో మా లీడ్ గొంతు తగ్గించాడు.

"మేడం, జర తప్పుగ అనుకోకుండ్రి. టూల్ మంచిదే. మీకు ఇంకా ఏడాది కాలె గదా. ఇంత పెద్ద కొత్త పని ఇప్పుడు మీ చేతుల మీద ఎందుకు? సంవత్సరీకం కానీయుండ్రి, ఇగ అప్పుడు చూద్దాం."

"అప్పటికి గడువు దాటిపోతుంది."

"గడువుదేముంది మేడం, మల్ల ఇంకో విడుదల వస్తది."

దసరాకు సర్వర్లకు కుంకుమ బొట్లు పెట్టే టీమ్ మాది. పోయిన దసరా పూజ అయిన వారంలోనే సగం సర్వర్లు పడిపోయాయి. డిస్కులు నిండటమే కారణమని రిపోర్టులో రాశారు. శుభాశుభాల ఊసు ఎవరూ ఎత్తలేదు.

కాకినాడ నుంచి వచ్చిన సహోద్యోగి ఒక ఉపాయం చెప్పాడు. "పోనీ ఎక్కించే బటన్ నేను నొక్కేస్తానండీ. మీరు పక్కన కూర్చుని ఏం చేయాలో చెప్పండి, చాలు."

ఏ స్క్రిప్టు ఎందుకు విరుగుతుందో అతనికి తెలియదు. అతని భార్య క్షేమంగా ఉంది. అర్హత అదే.

"ఇందులో కొత్తగా మొదలుపెట్టేదేం లేదండీ," అన్నాను. "ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడే మొదలుపెట్టాను. విడిగా ఒక కాపీలో అన్నీ బిల్డ్ చేసి చూశాను. విరిగినవాటిలో చాలావరకు సరిచేశాను. ఇవాళ ఏది పోయిందని ఆయన రోజూ అడిగేవారు."

లీడ్ లాప్‌టాప్ వైపు చూస్తూ, "ముందే మొదలైన పని అయితే... అది వేరే సంగతి," అన్నాడు. శాస్త్రంలో సందు దొరికినందుకు నాకంటే అతనికే ఎక్కువ ఊరట కలిగినట్టుంది.

భోజనాలయ్యాక నేనే ఎక్కించాను. నేను సరిచేయకుండా మిగిల్చిన రెండు ప్యాకేజీలు విరిగాయి. ఏ అప్‌గ్రేడ్‌కైనా విరిగేవి ఉంటాయి, కానీ ఆ రోజు వాటిని చూడటానికి నా సీటు దగ్గరికి చాలామంది వచ్చారు. నేను సరిచేస్తుంటే టీకి వెళ్లిపోయారు.

ఆ వారం చివర్లో, బిల్డ్ టూల్ లోపల కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే కంపైలర్‌ను కూడా మార్చే సంగతి వచ్చింది. అది ఇంకా పెద్ద పని. ఎవరూ మొదలుపెట్టనిది.

"ఇది ఎవరు తీసుకుంటరు?" అని లీడ్ అడిగాడు. భార్యలూ భర్తలూ ఉన్నవాళ్లంతా ఫోన్లలోకి చూసుకున్నారు.

నేను తీసుకుంటానన్నాను. సంవత్సరీకం పేరు చెప్పి ఎవరూ వద్దనలేదు.