బేబీ ఆఫ్ బెంగాల్

పోయిన నెల, ఆయమ్మ చనిపోయిన కబురు వచ్చేసరికి నేను ఏడో తరగతిలో హాజరు పిలుస్తున్నాను. ఒక్కో పేరూ చదువుతుంటే ఒక్కొక్కరూ "ప్రెజెంట్ మేడం" అంటున్నారు. బల్ల మీద ఫోన్ వణికింది. చూస్తే ఆయమ్మ కోడలు. తరగతిలో ఫోన్ ఎత్తే అలవాటు నాకు లేదు, పిల్లలకు లేని సుఖం నాకెందుకని. ఆ రోజు మాత్రం ఎత్తాను. పొద్దున చాయ తాగి మళ్లీ పడుకుందట, అంతే, ఇక లేవలేదట. ఫోన్ పెట్టేసి రిజిస్టర్ చూసుకుంటే ఎక్కడిదాకా పిలిచానో తెలియలేదు. మళ్లీ మొదటి పేరు నుంచి పిలిచాను. పిల్లలు కూడా మళ్లీ మొదటి నుంచి పలికారు. ఎందుకని ఒక్కరూ అడగలేదు.

సిద్దిపేటలో మా ఎదురిల్లు ఆమెది. సర్కారు దవాఖానలో కాన్పుల వార్డులో ముప్పై ఏళ్లకు పైగా ఆయాగా చేసింది కనుక చిన్నా పెద్దా అందరికీ ఆయమ్మే. ఇంతమందికి పేర్లు పెట్టావు, నిన్ను పేరుతో పిలిచేవాళ్లే లేరు గదా అని ఒకసారి ఆట పట్టించాను. "నా పేరు రేషన్ కార్డుల భద్రంగ ఉన్నది తీయ్" అంది.

పేర్లు పెట్టడం అంటే ఏమిటో చెప్పాలి. దవాఖానలో పుట్టిన పిల్ల చేతికి ఒక పట్టీ కడతారు. దాని మీద పిల్ల పేరుండదు, తల్లి పేరుంటుంది. బేబీ ఆఫ్ ఫలానా అని. మా వైపు పేరు పెట్టేది ఇరవై ఒకటో రోజున. అంతకు ముందు పేరు అనుకోవడం కూడా మంచిది కాదంటారు. పుట్టకముందు చిన్న చొక్కా కూడా కొనరు. ఈ పద్ధతంతా ఆయమ్మకు ఒప్పుదలే గానీ, మధ్యలో ఆ ఇరవై రోజుల సంగతే ఆమెకు మింగుడు పడేది కాదు. "పిలిచేటందుకు ఒక మాటుండాలె బిడ్డా. లేకుంటే ఆ ప్రాణానికి ఎటు తిరగాల్నో ఎర్కుండది" అనేది. అందుకని మొదటి స్నానం చేయించేటప్పుడే, ఎవరికీ వినపడకుండా, ఆ పూటకు తోచిన మాట ఏదో పిల్ల చెవిలో మూడుసార్లు చెప్పేది. ముస్లింల పిల్లలైతే ఇంటి పెద్ద వచ్చి చెవిలో అజాన్ చెప్పేదాకా ఆగి, ఆ తర్వాతే తన మాట చెప్పేది. కరెంటు పోయి వచ్చిన గడియకు పుట్టినవాడు కరెంటయ్య. బందు రోజు పుట్టినది బందమ్మ. ఆమె ఉప్మా తింటుండగా పిలుపొచ్చిన కాన్పులో పుట్టిన పిల్ల ఉప్మారాణి. వీటిని ఆమె కిరాయి పేర్లు అనేది. సొంత పేరు వచ్చేదాకా పిల్ల అందులో తలదాచుకోవాలట.

రిటైరయ్యాక సాయంత్రాలు మా ఇంటికి వచ్చేది. వాళ్లింట్లో టీవీ సీరియళ్లకు రాసిచ్చేశారు, మా ఇంట్లో అయితే వార్తలు చూడొచ్చు. కుర్చీ వేసినా కూర్చోదు. గడప పక్కన గోడకానుకుని, చాయ సాసరులో పోసుకుని, వాన కబురు వచ్చేదాకా కదిలేది కాదు. చింతమడకలో ఆమె తమ్ముడికి వరి పొలం ఉంది. కోతల కాలంలో మబ్బు కనిపిస్తే ఇక్కడ ఈమెకు ముద్ద దిగదు.

అలా ఒక సాయంత్రం టీవీలో ఒకమ్మాయి బే ఆఫ్ బెంగాల్‌లో అల్పపీడనం పుట్టిందని చెబుతోంది. ఆయమ్మ సాసరు కింద పెట్టి, "బెంగాల్ అంటే తల్లి పేరా బిడ్డా?" అంది.

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వలేక చచ్చాను. ముప్పై ఏళ్లు బేబీ ఆఫ్, బేబీ ఆఫ్ అని విన్న చెవికి అది కూడా బేబీ ఆఫ్ బెంగాల్ అని వినపడింది. నేను సోషల్ టీచర్ని, తప్పు కంటపడితే దిద్దకుండా ఉండలేను. అది బేబీ కాదు, బంగాళాఖాతం, సముద్రం అని చెప్పాను. ఆమె ఏమీ చిన్నబుచ్చుకోలేదు. సముద్రమే తల్లి అన్నమాట, పిల్లకు ఇంకా పేరు పెట్టినట్టు లేదు అని తేల్చేసి చాయ అందుకుంది.

నా నవ్వు అక్కడే ఆగింది. ఆమె అన్నది అక్షరాలా నిజం. గాలి వేగం గంటకు అరవై రెండు కిలోమీటర్లకు చేరితేనే దాన్ని తుపాను అంటారు, అప్పుడే పేరు పెడతారు. అప్పటిదాకా వాయుగుండాన్ని పుట్టిన సముద్రం ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాలు, ఒక నంబరు వేసి రాసుకుంటారు. బంగాళాఖాతంలో పుట్టినదైతే బీ, ఓ, బీ. ఆయమ్మకు చదువు రాదు. ఇంగ్లీషులో ఆమెకు తెలిసినవి పట్టీల మీద చూసి చూసి గుర్తున్న రెండే అక్షరాలు, బేబీ ఆఫ్‌కు పొట్టిగా రాసే బీ, ఓ. పేపరు అంచున రాసి చూపిస్తే వేలు పెట్టి తడిమి, మా పట్టీ మీదివే గదా ఇవి అంది. ఇరవై ఏళ్లుగా రుతుపవనాల పాఠం చెబుతున్నాను, ఒక్కనాడూ నాకీ సంగతి తట్టలేదు.

ఆ రోజు నుంచి పాఠం చెప్పేది నేనే గానీ విషయం తెలుస్తున్నది కూడా నాకే. ఫోన్‌లో జాబితా తీసి చదివి వినిపించాను. మనతో కలిపి ఈ సముద్రాల చుట్టూ ఉన్న పదమూడు దేశాలు తలా పదమూడు పేర్లు ఇచ్చాయి. తుపాను పుట్టగానే వరుసలో ఉన్న తర్వాతి పేరు ఢిల్లీలో పెడతారు. పేరు పొట్టిగా ఉండాలి, నోరు తిరగాలి, ఎవరి మనసూ నొప్పించకూడదు. ఆయమ్మ లెంపలేసుకుంది. "పుట్టకముందే పేరా! ఇంక పుట్టనోళ్ల కోసం పేర్లు లైన్ల నిలవడ్డయా!" అంది. ఏ సముద్రం మీద ఎప్పుడు లేస్తుందో దేవుడికే తెలియని గాలి కోసం, ఎక్కడో ఒక కాగితం మీద పేరు ఇప్పటికే కూర్చుని ఉంది.

ఒక దేశానికి ఇంకో దేశం పొడ గిట్టదంటారు గదా, మరి వాళ్లు పెట్టిన పేరుతో మనం పిలుస్తామా అని అడిగింది. పిలుస్తాం అన్నాను. గులాబ్ తుపాను వచ్చినప్పుడు ఆ పేరు ఇచ్చింది పాకిస్తాన్ అని చెప్పాను. అది మన నేల మీదుగా బలహీనపడి నడిచిపోయి, అవతలి సముద్రంలో మళ్లీ బలం పుంజుకుని షాహీన్ అని కొత్త పేరు పెట్టించుకుందని కూడా చెప్పాను. ఆయమ్మకు అందులో వింతేమీ కనిపించలేదు. అత్తగారింటికి పోయినంక పేరు మార్చి ఉంటారు అంది. అమెరికా వైపు ఆరేళ్లకోసారి అవే పేర్లు తిరిగొస్తాయనీ, మరీ ఎక్కువ మందిని చంపిన తుపాను పేరు మాత్రం తీసేస్తారనీ, మన సముద్రాల్లో అయితే ఒకసారి పెట్టిన పేరు మళ్లీ పెట్టరనీ చెప్పాను. మన పద్ధతే బాగుంది, ఎవరి పేరు వాళ్లకే ఉండాలి అంది.

తర్వాత ఆమె అడిగిన ప్రశ్న నేను ఊహించలేదు. గాలి అంత వేగం అందుకోకముందే పోయేవాటి పేరేమిటని అడిగింది. వాటికి పేరుండదు, కురిసి పోతాయి, లెక్కలో ఒక నంబరు మిగులుతుంది అన్నాను. ఆమె ఖాళీ సాసరు పక్కకు జరిపింది.

"మా తమ్ముని వడ్లు తడిసింది పేరున్న తుపానుకు గాదు బిడ్డా. తడుపుడైతే తడిపింది గద. అది ఉన్నట్టే గద."

నేను లేచి కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయాను.

ఎందుకు వెళ్లానో చెప్పకపోతే ఆయమ్మ గురించి చెప్పినట్టు కాదు. చాలా ఏళ్ల కిందట అదే దవాఖానలో నాకు ఆడపిల్ల పుట్టింది. నెలలు నిండలేదు. గాజు పెట్టెలో తొమ్మిది రోజులుంది. చేతి పట్టీ మీద బేబీ ఆఫ్ అని, పక్కన నా పేరు. ఇరవై ఒకటో రోజు రాలేదు కనుక పేరు పెట్టలేదు. పేరు పెట్టని పిల్లకు దినాలు చేయరు, యాది చేసుకోవద్దు అని మా అత్తమ్మ నా తల నిమురుతూ చెప్పింది. ఆమె నా మేలు కోరే చెప్పింది. కానీ యాది చేసుకోవాలన్నా ఏమని చేసుకోను? ఇన్నేళ్లూ నేనూ మా ఆయనా ఆ సంగతిని "అప్పుడు" అనే అనుకున్నాం. అప్పుడు నువ్వు దవాఖానలో ఉన్నప్పుడు, అప్పుడు కొన్న గొడుగు. అంతే.

ఆయమ్మ నా వెనకే వంటింట్లోకి వచ్చింది. నీ బిడ్డ చెవిలో కూడా చెప్పాను, మూడోసారికి ఇటు తిరిగింది అని నెమ్మదిగా చెప్పింది. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం, ఆమె మీద పడింది. ఇప్పుడెందుకు చెబుతున్నావు, ఆ పేరు మాత్రం చెప్పొద్దు అని అరిచాను. చెప్పలేదు. ఎప్పుడన్నా కావాలంటే అడుగు అని, కప్పులు కడిగి బోర్లించి వెళ్లింది.

నాలుగేళ్లు అడగలేదు. డౌటు అడగని పిల్లల్ని నిలబెట్టే నేను. ఒక్కో తుపానుకూ ఒక్కో పేరు వస్తూనే ఉంది, ఇది ఎవరు పెట్టింది బిడ్డా అని ఆమె అడుగుతూనే ఉంది, నేను చెబుతూనే ఉన్నాను. ఆ ఒక్క మాట నా నోటి దాకా వచ్చి వెనక్కి పోయేది. నా భయాలు రెండు. అదీ ఉప్మారాణి లాంటి పేరే అయితే నేను తట్టుకోలేను. ఇన్ని వేల పేర్లలో ఆమె అది మరిచిపోయి ఉంటే అసలే తట్టుకోలేను.

మొంథా తుపాను మన మీదికి వచ్చేసరికి ఆయమ్మ మంచంలో పడింది. థాయ్‌లాండ్ వాళ్లు పెట్టిన పేరట, సువాసన పువ్వట అని చెప్పడానికి వెళ్లాను. మాట సన్నగా వస్తోంది. ఇంకెప్పుడు అడుగుతావే పిరికిదానా అని నన్ను నేను తిట్టుకుని, "ఆయమ్మా, నా బిడ్డకు ఏం పేరు చెప్పినవు?" అని అడిగాను.

ఆమె కిటికీ వైపు చూసి, "ముసురు" అంది.

వినిపించలేదు కాబోలు, బయట వాన సంగతి చెబుతోంది అనుకున్నాను. అవును, పొద్దటి నుంచి పట్టింది అంటూ జల్లు పడకుండా కిటికీ రెక్క మూయబోయాను. ఆమె విసుగ్గా నాలుకతో చప్పుడు చేసింది. పని రాని కొత్త నర్సుల మీద అట్లాగే చేసేదట. చేయి ఊపి పిలిచి, నా తల కిందికి వంచి, చెవి దగ్గర నోరు పెట్టింది.

"ముసురమ్మ. ముసురమ్మ. ముసురమ్మ."

మూడోసారికి నేను ఆమె వైపు తిరిగాను.

ఆ తొమ్మిది దినాలు వాన విడవలేదు గదా అని గొణిగింది. అవును, విడవలేదు. మా ఆయన రోజూ నిలువునా తడిసి వచ్చేవాడు, ఆ గొడుగు కొన్నది అందుకే. అది ఏ పేరూ లేని వాయుగుండం. ఎవరికీ గుర్తులేని ఆ వాననూ, ఎవరూ పేరు పెట్టని నా బిడ్డనూ ఈ చదువురాని మనిషి ఒక్క మాటలో దాచిపెట్టింది. అన్నేళ్లు, అన్ని వేల పిల్లల మధ్య.

ఆ సాయంత్రం మా ఆయనకు చెప్పాను. ఆయన ఆ పేరును ఒకసారి పైకి అని చూసుకుని, లేచి వరండాలోకి వెళ్లి నిలబడ్డాడు.

ఆయమ్మ దినాల రోజున వీధిలో జనం పట్టలేదు. మీసాలున్న ఒక భారీ మనిషి ఫొటో ముందు నిలబడి, నేను కరెంటయ్యను అని చెప్పి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

తుపాను పేరు ఒక్కసారే పెడతారు, అది పోయాక ఆ పేరుతో ఇంకొకటి రాదు. నా బిడ్డ పేరు అట్లా కాదు. మొన్న హాజరు పిలుస్తుంటే కిటికీ పక్క బెంచీ పిల్ల తల బయటికి పెట్టి, "మేడం, ముసురొచ్చింది" అని కేకేసింది. రిజిస్టర్‌లో వేలు ఆగిన పేరు దగ్గర పెన్ను పెట్టి, "ఏదీ, చూడనీ" అంటూ కిటికీ దగ్గరికి వెళ్లాను.