నీలిమందు పెట్టిన కర్చీఫ్

మా సార్ పోయారని ఫోను వచ్చేసరికి నేను ఆళ్లగడ్డలో పెళ్లి ఫొటోలు తీస్తున్నాను. నాకు కెమెరా పట్టడం నేర్పిన మనిషి. తలంబ్రాల మధ్యలో వదిలేసి వెళ్లలేను, అక్కడ నిలబడనూ లేను. ఆ రోజు తీసిన ఫొటోల్లో సగం కదిలిపోయాయి.

మీ ఇంట్లో నంద్యాలలో తీయించుకున్న పెళ్లి ఫొటో ఉంటే, అది మా సార్ తీసిందే కావచ్చు. ఆయన తీసిన ముఖాల్లో సాయంత్రపు ఎండ తగిలినట్టు ఒక వెచ్చదనం ఉండేది. కంప్యూటరు ముందు ఎన్ని తంటాలు పడ్డా నాకది రాలేదు.

ఆయనకొక అలవాటు. పెళ్లిలోనైనా, ఆరుబయట లెన్సుకు నల్ల ఫిల్టరు బిగించినా, జేబులోంచి కర్చీఫ్ తీసి, ముందు దాన్నొక ఫొటో తీసేవారు. పెళ్లి లైట్లూ, వెలుతురు తగ్గించే ఆ అద్దమూ రంగుల్ని కొంత మారుస్తాయి. ఇంటికొచ్చాక ఆ కర్చీఫే తెలుపు అని కంప్యూటరుకు చూపించి, మిగతా రంగులు సరిచేసుకునేవారు.

"గుడ్డ తీసినావా? తొందరేందిరా నీకు, నీళ్లు యాడికీ పోవు" అనేవారు చెరువు గట్ల మీద నాతో.

నాకే నిలకడ లేదు. ఆయన పోవడానికి నెల ముందు వెలుగోడు రిజర్వాయరు గట్టు మీద, నీళ్లు పొగలా కనబడాలని ఆ ఫిల్టరు పెట్టి, అర నిమిషం ఆయన్ని కదలకుండా నిలబెట్టి ఫొటో తీశాను. ముందు గుడ్డను ఫొటో తీయలేదు. అదే ఆయన ఆఖరి ఫొటో అయింది.

సార్ జ్ఞాపకార్థం చర్చివాళ్లు జరిపే ఆదరణ కూడికలో పెట్టడానికి సార్ భార్య, నేను అమ్మా అని పిలిచే ఆమె, ఆ ఫొటోనే అడిగారు. తెరిస్తే అంతా వంకాయరంగు. సరిచేస్తే ముఖం పాలిపోయింది. రంగు ఇంకొంచెం జరిపితే పచ్చకామెర్లు వచ్చినట్టుంది. రెండు రోజులు కూర్చోవడం, లేచి తిరగడం, మళ్లీ కూర్చోవడం. ఆయన ముఖం రంగే మర్చిపోయానా అని భయం వేసింది.

చివరికి వెళ్లి, ఆ రోజు గుడ్డ ఫొటో తీయలేదని అమ్మతో తప్పు ఒప్పుకున్నాను. అమ్మ లోపలికి వెళ్లి కర్చీఫ్ తెచ్చారు.

"తీసుకపో. అయినా ఇది తెలుపేందప్పా? నేను నీలిమందు జాస్తి పెడ్తా. తగ్గిస్తానంటే మీ సారే, వద్దులే, అట్లనే ఉండనీ అంటాండె."

వాకిట్లోనే ఆగిపోయాను. నీలం ఛాయ ఉన్న గుడ్డను తెలుపు అని నమ్మిస్తే, ఆ నీలం పోగొట్టడానికి కంప్యూటరు ఫొటో అంతటా కాస్త పసుపు కలుపుతుంది. ఆ వెచ్చదనం అదన్నమాట. సార్‌కి తెలుసు. నాక్కూడా చెప్పలేదు మహానుభావుడు!

మర్నాడు అదే వేళకు వెలుగోడు పోయాను. అదే ఫిల్టరు పెట్టి, ఆయన నిలబడ్డ చోటే కర్చీఫ్ పట్టుకుని తీశాను. ఇంటికొచ్చి దాన్ని తెలుపు అని చూపించగానే ఆయన ముఖం వచ్చేసింది. ఏడ్చాను.

కూడికలో అమ్మ ఆ ఫొటో ముందు చాలాసేపు నిలబడ్డారు. కర్చీఫ్ తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు.

"నీ దగ్గరే పెట్టుకో. మాసినప్పుడల్లా తెచ్చియ్యి, నీలిమందు నేనే పెడ్తా."

ఇప్పుడు అప్పుడప్పుడూ నంద్యాలలో ఆ ఇంటి దండెం మీద, అమ్మ చీరల పక్కన, మగవాళ్ల కర్చీఫ్ ఒక్కటి ఆరుతూ ఉంటుంది.