అక్క మోకాలు

వైద్య కళాశాల శవాల గదిలో అటెండరు ముప్పై ఏళ్లుగా గోడకు ఆనుకునే పాఠాలు విన్నాడు. ఎముకల చివర నున్నగా మెరిసే మృదులాస్థిలో ముప్పాతిక వంతు నీరేననీ, మిగతాది చాలావరకు సన్నని పీచేననీ, రక్తనాళాలు లేవు కనుక అరిగితే మళ్లీ పెరగదనీ అతనికి కంఠతా వచ్చు. కోసిన కీళ్లు ఆరిపోకుండా తడిగుడ్డ కప్పుతాడు, నోరు మాత్రం మెదపడు. ఆ రోజు బల్లమీద ఉన్నది అతని అక్క. శరీరాన్ని కాలేజీకి రాసిచ్చి పోయింది. ఆ మాట అతను ఎవరితోనూ అనలేదు.

"ఈ మోకాలు ఎముకదాకా అరిగిపోయిందేంటి మేడమ్?" అని అడిగింది ఒక విద్యార్థిని.

"వయసమ్మా," అంది కొత్తగా వచ్చిన మేడమ్.

"వయసు కాదండీ," అన్నాడు అటెండరు. "మా అక్క. ఇరవై ఏళ్లు మోకాళ్లమీద పాకుతూ ఈ గదే తుడిచింది."

మేడమ్ ముఖం పాలిపోయింది. "మీరు ఇంటికి వెళ్లిపోండి."

"పాఠం అయ్యాక వెళ్తానండీ. పిల్లలు చూడాలనే కదా రాసిచ్చింది," అంటూ అతను దీపాన్ని ఆ మోకాలి దగ్గరికి వంచాడు.