సుందరరాజు అయివారి వంపుల చీటీ

చిత్తూరులో లెక్కలు చెప్పే సుందరరాజు అయివారికి ఒకటే పిచ్చి, వంపు. గుమ్మడికాయ కనబడితే నిమిరేవారు. బట్టతల కనబడితే మాత్రం మర్యాద కోసం చేతులు వెనక్కి కట్టుకొనేవారు. కార్వేటినగరంలో పెళ్ళిచూపులకు పోయొచ్చి, పిల్ల ఎట్లుందని అడిగితే, వాళ్ళ ఊరగాయ జాడీ మెడ శానా బాగుండాదని చెప్పినారు. ఆ సంబంధం అంతటితో సరి.

పంతొమ్మిదివందల నలభయ్యారులో ఆయన కన్ను కుమ్మరి చెంగయ్య మీద పడింది. వైద్యుడు మందు రాసినట్టు చీటీ రాసి తెచ్చేవారు, కడవ మీద యాడ ఎంత వంపుండాలో చోటు చోటుకూ అంకె వేసి. కాగితం నిండా కూడిక గుర్తులు. అవి కడవ మీదికెక్కితే పెరగొచ్చు, తరగొచ్చు, గీతల నడుమ కోణం మాత్రం చెదరగూడదు. ఏ గుర్తును ఎంత సాగదీస్తే అడిగిన వంపు వస్తుందనేదే అయివారి లెక్క. చెంగయ్య ఆ చీటీని తలకిందులుగా పట్టుకొని తలూపేవాడు.

మొదటి చీటీలో కడవంతా గుర్రపు జీను మాదిరి వంగాలి. చెంగయ్య మూడు దినాలు సారె తిప్పి చేతులెత్తేసినాడు. అడుగంటూ ఉండే కడవ యాడో ఒకచోట ఉబ్బాల గదా అన్నాడు. అయివారు నడివీధిలో అతనికి దండం పెట్టినారు. అదే మాట రుజువు చేసేదానికి ఆ మూడు దినాల్లో తనకు నాలుగు కాగితాలు పట్టినాయంట.

రెండో చీటీలో ఒక పక్క మాత్రమే జీను పల్లం. పదకొండు కడవలు కాల్చే ఆవంలోనే పగిలినాయి. పన్నెండోది నిలిచింది. అయివారు దాన్ని పైపంచెలో చుట్టుకొని పోతుంటే, చెంగయ్య ఉండబట్టలేక వెనకే నడిచినాడు.

అయివారు పోయింది వరదమ్మ ఇంటికి. ఆమె కాఫీ హోటళ్ళకు నీళ్ళు మోసి బతికేది. జారిపడి తుంటి విరిగితే పుత్తూరులో కట్టు కట్టినారు. ఎముక అతికింది గానీ, ఆ పక్క ఏ కడవా నిలవకుండా పోయింది. రెండు నెలలుగా పని లేదు. అయివారు చీటీ రాయకముందే వచ్చి, అటు తిరిగి నిలబడి, బంకమట్టి ముద్దను ఆమెనే తుంటికి అదుముకోమని, ఆ అచ్చును కొలుచుకున్నారంట.

వరదమ్మ కొత్త కడవ నిండా నీళ్ళు ముంచి నడుమున పెట్టుకుంది. బిడ్డ కూచున్నట్టు కూచుంది. నాలుగడుగులు వేసింది, చుక్క తొణకలేదు. అట్లే హోటలు దిక్కుకు సాగిపోయింది.

చెంగయ్య కండ్లు తుడుచుకొని, మెల్లిగా అడిగినాడు.

"ఆ అచ్చు నాకే ఇచ్చుంటే ఒక్క పూటలో చేసిచ్చేవాణ్ణి గదా సామీ?"

అయివారు ఖాళీ పైపంచెను దులిపి భుజాన వేసుకున్నారు.

"అది నాకు తట్టలేదప్పా."